పసివాని చేతికి పియానో

ఈ యేట మిరపకాయ లమ్మి వచ్చిన సొమ్ములో కొంత తీసి, మా పొదిలివాసియగు నొక రైతుమిత్రుడు ఒంగోలునుండి విద్యుత్తుతో పలికెడు మీటలపెట్టె నొకదానిని తెచ్చెను. మనుమనికి ఐదవయేడు నడచుచున్నది. "పంతులుగారూ, మా వానికి పియానో చెప్పించవలెనని కోరిక. మొదట నే మీట నొక్కించమందురు?" అని నన్నడిగెను. నేను పద్యములు చెప్పి జీవించినవాడనేగాని వాద్యవిద్వాంసుడను గాను. చిన్ననాట నేడు మాసములు హార్మోనియము నేర్చితిని. మీట తప్పినపుడెల్ల మా యయ్యవారు వ్రేళ్ళ కణుపులపై బెత్తముతో కొట్టెడివారు. ఎనిమిదవ మాసమున వారి వీథికే పోవుట మానితిని. అరువదియేండ్లు దాటినను ఆ పెట్టె కనబడినచో నా కుడిచేయి తనంతట వెనుకకు పోవును. కావున మిత్రునకు వెంటనే బదులు చెప్పక, పూర్వులు పసిబిడ్డల నే దారిని నడిపిరో చూడదలచితిని.

పియానో యిటలీ దేశమున పుట్టినది. ఫ్లారెన్సు నగరమున బార్టొలోమియో క్రిస్టొఫోరి యను శిల్పి 1700 ప్రాంతమున దానిని నిర్మించెను. మీట నొక్కగనే లోపల నొక చిన్న సుత్తి లేచి తీగెను కొట్టి మరలును. మెల్లగ నొక్కిన మెల్లగను, గట్టిగ నొక్కిన గట్టిగను పలుకును. నేటి పెద్ద పియానోకు తెల్లవి 52, నల్లవి 36, వెరసి 88 మీటలు. అంతటి బరువును, అంతటి వెలయు గల వాద్యము మన పల్లెలకు వచ్చునా? రాలేదు. దాని దాయాదియగు హార్మోనియము వచ్చినది. పారిసు నగరమున అలెగ్జాండ్ర్ దబాఁ యనువాడు 1842లో దానికి హక్కుపత్రము పొందెను. పిమ్మట కలకత్తాలో ద్వారకానాథ ఘోషు మన కనుకూలముగ, నేలపై కూర్చుండి యొకచేత తిత్తి నొత్తుచు వేరొకచేత వాయించునట్లు దానిని మలచెను. నాటకములవారు దానిని మన యూరూర త్రిప్పిరి.

1885లో కడప సీమయందు సురభి గ్రామమున పుట్టిన నాటకసమాజమును మీలో ననేకు లెరుగుదురు. ఆ కుటుంబముల బిడ్డలు రంగస్థలముచాటున నుయ్యెలలో నూగినవారు. చంకబిడ్డయే బాలకృష్ణుడై రంగమున కెక్కును. వారికి మీటలు చూపుటకు ముందే పద్యమంతయు చెవిలో నిండియుండెడిది. ఎవ్వరును దానిని పాఠ మనలేదు. పాఠమన నదియే.

విజయనగర మహారాజుగారు 1919లో సంగీతకళాశాల నెలకొల్పిరి. ఒక యంధబాలునకు సంగీతము చెప్పింపవలసి వచ్చుటయే దానికి కారణమని యచట నేటికిని చెప్పుకొందురు. ఆదిభట్ల నారాయణదాసుగారు తొలి యధ్యక్షులు. వాయులీనాచార్యులు ద్వారం వెంకటస్వామినాయుడుగారు. నాయుడుగారికి బాల్యమునుండియు చూపు మందము. అన్న వెంకటకృష్ణయ్యగారే వారికి కమాను పట్టుట నేర్పిరి. వాయులీనమును పియానోవలె విదేశమునుండి వచ్చినదే. కాని దానికి మెట్లు లేవు, మీటలు లేవు. స్వరస్థానము చెవికి తెలియనిదే వ్రేలికి దొరకదు. పియానో యట్లు కాదు. ఏమియు తెలియని పసివాడు మీట నొక్కినను శుద్ధమైన స్వరమే పలుకును. ఇది దాని మేలు. బాలశిక్షకు ఇదియే దాని కీడు. వాద్యమే తప్పకుండ పలుకుచుండ బిడ్డ చెవికి పని యేమున్నది?

ఇంకొక చిక్కు కలదు. మీటకు మీటకు నడుమ గమకమునకు చోటులేదు. ఈ రేడియోవారే 1940 మార్చి 1వ తేదీనుండి హార్మోనియమును తమ గడప త్రొక్కనీయలేదు. ఆ నిషేధము మూడు దశాబ్దములు నడచి పిదప సడలినది. పెట్టె చేసిన తప్పునకు కాదు, దాని ననుసరించి గాయకుని గొంతు బిగిసిపోవునను భయమునకు. ఆ శిక్ష మితిమీరినదని నా తలంపు. భయము మాత్రము వట్టిది కాదు.

ఆస్ట్రియా దేశపు మోజార్టు కథ చూడుడు. 1759లో తండ్రి కూతురికొరకు పాఠముల పుస్తకమును సిద్ధపరచెను. మూడేండ్ల తమ్ముడు అక్క పాఠము వినివిని, తానే మీటలయొద్దకు పోయి యింపుగ కలియు స్వరముల జంటలను వెదకికొనెడివాడట. మన బాలమురళీకృష్ణగారు 1930లో గోదావరి సీమలోని శంకరగుప్తమున జన్మించిరి. పురిటినాళ్ళలోనే తల్లి గతించినది. తండ్రి పట్టాభిరామయ్యగారు వేణువాదకులు. ఆ వేణువే ఆ బిడ్డకు జోల. పారుపల్లి రామకృష్ణయ్యపంతులుగారు శిష్యునిగ గైకొనిరి. ఎనిమిదేండ్ల ప్రాయమున బెజవాడలో త్యాగరాజారాధనమునందు నిండుకచేరి జరిగినది. వాయులీనము, మృదంగము చేతికి వచ్చుట గొంతు వెనుకనే. పంతులుగారి గురుపరంపర త్యాగరాజస్వామినుండి వచ్చినది. ఆ స్వామి పూర్వులది మన మార్కాపురము దాపునగల కాకర్లయని పెద్దలందురు.

పురందరదాసు మొదలు మనవారు బాలురకు మాయామాళవగౌళనే తొలిరాగముగ చెప్పుచున్నారు. వింత యేమనగా, ఆ రాగము మీటలపైన చక్కగ నమరును. రెండు నల్లమీటల జంటకు ఎడమప్రక్కనున్న తెల్లమీటను షడ్జముగ గొన్నచో రిషభ ధైవతములు రెండే నల్లవి. తక్కిన యైదును తెల్లవి. పసివ్రేళ్ళకు వెదకులాట తక్కువ.

ఇంత చూచి మిత్రున కిట్లు చెప్పితిని: "మొదటి మాసము మీటలపై తువ్వాల కప్పుడు. మీరొక్కరే షడ్జము మీటి, వానిచేత గొంతెత్తి పాడించుడు. పూటకు పదినిముసములు మించవలదు. బెత్తము మాట తలపెట్టవలదు." తాతకు స్వరము రాదు. మనుమనితోకూడ తానును "స" యని మొదలుపెట్టెను, వీథిలోనివారు నవ్విరి.

మొన్న సాయంకాలము నేను పోవునప్పటికి తువ్వాల తీసివేసియున్నది. పిల్లవాడు మధ్యమము నొక్కబోయి ప్రక్కమీట నొక్కెను. ఎవ్వరును పలుకలేదు. వాడే తల యడ్డముగ నూపి, "ఇది కాదు తాతా" యని, నోటితో "మ" యని పాడికొని, ఆ ధ్వని దొరకువరకు ఒక్కొక్క మీటయే తడవికొనుచు పోయెను.