కట్టడాల ఛాయాచిత్రాల్లో దిద్దుబాటు, కూర్పు

కట్టడాల ఫొటోలను కుంచెతో, కత్తెరతో, కంప్యూటర్‌తో మార్చే ప్రయోగాలు ఛాయాచిత్రకళ తొలినాళ్ల నుంచీ సాగుతున్నాయి. వీటిలో రెండు దారులు కనిపిస్తాయి. కెమెరా పట్టుకోలేనిదాన్ని పూరించి ఫొటోను కట్టడానికి దగ్గర చేయడం ఒకటి. ఎక్కడా లేని కట్టడాన్ని ఫొటోలో నిలబెట్టడం రెండోది. ఫొటోషాప్ 1990లో మార్కెట్లోకి వచ్చేనాటికే ఈ రెండు దారులూ బాగా నలిగాయి.

మొదటి దారికి మూలం రసాయనాల్లో ఉంది. పందొమ్మిదో శతాబ్దపు నెగటివ్‌లు నీలి కాంతికే ఎక్కువగా స్పందించేవి. రాతి మీది చెక్కడం స్పష్టంగా రావాలని కాంతిని ఎక్కువసేపు సోకనిస్తే, ప్రింటులో ఆకాశం వెలవెలబోయేది. మద్రాసు సైన్యంలోని అధికారి లినేయస్ ట్రైప్ 1855లో బర్మా కట్టడాలను తీసినప్పుడు, కాగితపు నెగటివ్‌ల మీదనే కుంచెతో మబ్బులు వేశాడు. నెగటివ్ మీద రంగు పడ్డ చోట కాంతి ఆగిపోతుంది, ప్రింటులో ఆ మేర తెల్లగా వస్తుంది. చెట్ల ఆకులనూ ఆయన ఇలాగే సవరించాడు.

ట్రైప్ మబ్బుల కన్నా గొప్ప పని తంజావూరులో జరిగింది. మద్రాసు ప్రభుత్వ ఛాయాచిత్రకారుడి హోదాలో 1858లో ఆయన బృహదీశ్వరాలయ విమానం అడుగుభాగాన ఉన్న శాసనాలను వరుసగా తీశాడు. 21 ప్రింట్లను పక్కపక్కన అతికించి, 19 అడుగులకు మించిన ఒకే పట్టీ తయారుచేశాడు. గుడి ముందు ఎక్కడ నిలబడినా అంత పొడవు ఒక్క చూపులో, అంత దగ్గరగా కనిపించదు. ఆ విధంగా చూస్తే అది కల్పిత దృశ్యమే. కానీ శాసనం చదవాలనుకునేవారికి ఏ ఒంటి ఫొటో కన్నా అదే ఎక్కువ నమ్మకమైనది.

ఫ్రాన్సులో ఎద్వార్ బాల్దు అంతకు ముందే ఇలాంటి సాహసం చేశాడు. చారిత్రక కట్టడాలను నమోదు చేయడానికి 1851లో ప్రభుత్వం పంపిన ఐదుగురు ఛాయాచిత్రకారుల్లో ఆయన ఒకరు. ఆర్ల్ పట్టణంలోని సెయింట్ ట్రోఫీమ్ మఠం వసారాలో నీడను, బయటి ఎండను ఒకే నెగటివ్ మోయలేకపోయింది. సుమారు పది నెగటివ్‌లను కలిపి, అతుకులను చేత్తో దిద్ది ఒక్క చిత్రం చేశాడు. ఇలా చేసినవి సంరక్షణకు ఆధారంగా వాడే ఫొటోలైతే, ఏం మార్చారో రాసిపెట్టడం, అసలు నెగటివ్‌లను విడిగా భద్రపరచడం తప్పనిసరి. రాయి ఒరిగిందా, ఫొటో ఒరిగిందా అన్నది తర్వాతి తరానికి తెలియాలి.

రెండో దారిలో ముందుగా చెప్పుకోవలసిన పేరు వాస్తుశిల్పి మీస్ వాన్ డెర్ రోహె. బెర్లిన్‌లోని ఫ్రీడ్రిక్‌స్ట్రాస్సె స్టేషన్ దగ్గరి స్థలానికి 1921లో జరిగిన పోటీ కోసం ఆయన గాజు ఆకాశహర్మ్యాన్ని ఊహించి, వీధి ఫొటో మీద బొగ్గుతో దాన్ని నిలబెట్టాడు. ఆ భవనం కట్టలేదు. అయినా ఆధునిక వాస్తుకళ చరిత్రలో నిజంగా కట్టిన చాలా భవనాల కన్నా దానికే ఎక్కువ చోటు దక్కింది.

అమెరికాలో వాస్తుశిల్పం చదివిన గోర్డన్ మాటా-క్లార్క్ 1974లో న్యూజెర్సీలోని ఎంగిల్‌వుడ్‌లో ఒక ఇంటిని నిలువునా రెండుగా కోశాడు. తర్వాత ఆ ఇంటి ఫొటోలను కూడా కోసి అతికించాడు. అతుకులు దాచలేదు. ఆ ఇంట్లో నడిచినవారి తికమకను ఒకే కోణంలో తీసిన ఫొటో చెప్పలేదన్నది ఆ కూర్పులు చూస్తేనే అర్థమవుతుంది.

జర్మన్ కళాకారుడు ఆండ్రియాస్ గుర్‌స్కీ 1993లో పారిస్‌లోని మోంపర్నాస్ అపార్ట్‌మెంట్ల బారును వేర్వేరు చోట్ల నుంచి తీసి, కంప్యూటర్‌లో కలిపాడు. ఆ భవనం నిజంగా ఉంది, చివర్లు కుంచించుకుపోకుండా అంత సమంగా కనిపించే చోటే లేదు. పరికరం మారినా, ఇది తంజావూరు పట్టీకి చుట్టమే.

బెల్జియంలోని గెంట్‌కు చెందిన ఫిలిప్ డుజార్డెన్ దారి వేరు. నిజమైన భవనాల ఫొటోల నుంచి గోడలు, కిటికీలు, ఇటుక వరసలు తీసుకుని, డిజిటల్‌గా అసాధ్యమైన కట్టడాలను కూరుస్తాడు. ఇలాంటి కూర్పులో కష్టమంతా వెలుగును పొసగించడంలోనే ఉంది. వేర్వేరు వేళల్లో తీసిన ముక్కల నీడలు ఒకే దిక్కున పడకపోతే, కల్పన వెంటనే బయటపడుతుంది.