గోళీ సోడా సీసా

గోళీ సోడా సీసా అనగా మెడలోని గాజు గోళీయే మూతగా పనిచేసే మందపాటి సీసా. తెలుగునాట దీనిని సోడాబుడ్డి అని కూడా అంటారు. దళసరి అద్దాలను సోడాబుడ్డి కళ్ళద్దాలు అనుటకు కారణం ఈ సీసా మందమే. హైదరాబాదుతో సహా తెలుగు పట్టణాలలో తోపుడు బండ్లపై ఈ సోడాను విరివిగా అమ్మేవారు.

చరిత్ర

ఇంగ్లాండుకు చెందిన హైరం కాడ్ 1872లో ఈ సీసాకు పేటెంటు పొందాడు. జపానులో రామునే అనే పానీయం నేటికీ ఇటువంటి సీసాలలోనే లభిస్తుంది.

పనిచేసే విధానం

సీసా మెడ లోపల రబ్బరు ఉంగరం ఉంటుంది. నీరు పోసిన సీసాను యంత్రంలో బిగించి, కార్బన్ డయాక్సైడు (బొగ్గుపులుసు వాయువు) ఎక్కించి, తలక్రిందులుగా త్రిప్పుతారు. గోళీ రబ్బరుపైకి జారుతుంది. లోపలి పీడనం దానిని అక్కడే అదిమి ఉంచుతుంది. త్రాగేటపుడు గోళీ అడ్డుపడకుండా మెడలోని నొక్కులు ఆపుతాయి.

పునర్వినియోగం, జాగ్రత్తలు

బిరడా అవసరం లేనందున ఒకే సీసాను ఏళ్ళ తరబడి నింపవచ్చును. అయితే ఇరుకైన మెడలో మురికి నిలుస్తుంది. కనుక ప్రతిసారి శుభ్రంగా కడగాలి, అరిగిన రబ్బరును మార్చాలి. పగులు, పెచ్చు ఉన్న సీసా నింపేటపుడు పేలి కంటికి గాయం చేయగలదు. పలుచని జ్యూస్, సాస్ సీసాలు పీడనానికి ఆగవు.

విదేశాలలో ఇంట్లో బీరు, ఆపిల్ సైడర్ తయారుచేసేవారు వాడిన బీరు సీసాలను ఎంచుకొనుటకు కారణం కూడా ఇదే. వాటిలో మరొక ప్రమాదం ఉన్నది. పులియుట పూర్తికాకముందే మూత బిగిస్తే, మిగిలిన చక్కెర వలన పీడనం పెరుగుతూనే ఉండి గట్టి సీసా కూడా పగలవచ్చును. తెలంగాణలో లైసెన్సు లేకుండా మద్యం తయారుచేయుట ఎక్సైజు చట్టం ప్రకారం నేరము.