మెట్లపెట్టె కథ – హార్మోనియం నుండి కీబోర్డు దాకా

కర్ణాటక సంగీతం నేర్చినవారిని ఎవరినైనా "మీ శ్రుతి ఎంత?" అని అడిగి చూడండి. "ఐదున్నర" అనో, "ఒకటిన్నర" అనో బదులు వస్తుంది. ఈ అంకెలు ఎక్కడివి? శార్ఙ్గదేవుని సంగీతరత్నాకరంలో ఇవి లేవు. ఇవి హార్మోనియం మెట్ల లెక్క. తెల్లమెట్లు ఏడింటికి ఒకటి మొదలు ఏడు వరకు అంకెలు, వాటి నడుమనున్న నల్లమెట్లకు అరలు. మూడుకూ నాలుగుకూ నడుమ నల్లమెట్టు లేదు గనుక మూడున్నర శ్రుతి అన్నమాట పుట్టలేదు. ఏడున్నరకూ అదే గతి. హార్మోనియం గాలి సోకితే రాగం చెడుతుందని నమ్మే విద్వాంసులు సైతం తమ గొంతును కొలుచుకొనేది ఆ పెట్టె కొలబద్దతోనే!

ఈ వింత మీద ఆలోచన మళ్ళడానికి ఒక కారణముంది. కొన్ని నెలల క్రితం ఒక సంగీతోపాధ్యాయుడు కొత్త కీబోర్డు కొనుక్కొని, తన పాతదానిని నాకు మూడువేల రూపాయలకు ఇచ్చారు. అరవై ఒక్క మెట్ల ఎలక్ట్రానిక్ వాద్యం. ఒక మెట్టు నొక్కితే వెంటనే పైకి రాదు. బ్యాటరీలుండే గూడు చిలుము పట్టింది. అయినా పలుకుతోంది. విద్యార్థి దశలో నాటకాల రిహార్సళ్ళలో హార్మోనియం తిత్తి ఊదిన చేతులివి. ఈ కొత్త పాతపెట్టె ముందు కూర్చున్నప్పుడు కలిగిన భావాలను చెప్పాలంటే, ముందుగా ఈ మెట్లు మన దేశానికి వచ్చిన దారి చెప్పుకోవాలి.

హార్మోనియం పరదేశీయమని అందరికీ తెలుసు. పారిస్ నగరంలో అలెగ్జాండర్ దెబాఁ 1840ల తొలినాళ్ళలో ఆ పేరుతో హక్కులు పొందాడు. అది కాళ్ళతో తొక్కుతూ, కుర్చీమీద కూర్చొని, రెండుచేతులతో వాయించే బల్లవంటి వాద్యం. 19వ శతాబ్ది చివరి పాదంలో కలకత్తాలోని ద్వారకానాథ్ ఘోష్ వంటివారు దానిని నేలమీదికి దించారు. కాళ్ళు తొలగించి, తిత్తిని వెనుకకు మార్చి, ఎడమచేతితో ఊదేటట్లు చేశారు. పైకి ఇది చిన్న మార్పుగానే కనిపిస్తుంది. కాని దాని ఫలితం పెద్దది. చాపమీద కూర్చొని పాడే మన పద్ధతికి వాద్యం అమరింది. ఎడమచెయ్యి గాలికి అంకితం కావడంతో స్వరాలు పలికించడానికి కుడిచెయ్యి ఒక్కటే మిగిలింది. అనేక స్వరాలను గుత్తులుగా కలిపి నొక్కే పాశ్చాత్య పద్ధతికి అది అడ్డంకి. ఒక స్వరం వెంట మరొక స్వరంగా నడిచే మన రాగపద్ధతికి అదే అనుకూలం. వాద్యంలో ఒక అవకాశాన్ని తీసివేసి దానిని మనదిగా చేసుకొన్నామన్నమాట.

1880 ప్రాంతాన ధార్వాడ నాటక సమాజం ప్రదర్శనలు రాజమహేంద్రవరాన్ని కదిలించాయి. 1885లో వనారస గోవిందరావు కడప జిల్లా సురభి గ్రామంలో కీచకవధతో సురభి నాటకాలకు నాంది పలికారు. బళ్ళారిలో ధర్మవరం రామకృష్ణమాచార్యులు పద్యాలూ పాటలూ నిండిన నాటకాలు వ్రాశారు. ఆ తరువాతి దశాబ్దాలలో హార్మోనియం తెలుగు రంగస్థలంపై స్థిరనివాసం ఏర్పరచుకొన్నది. తిరుపతి వేంకటకవుల పాండవోద్యోగ విజయాలైనా, బలిజేపల్లి లక్ష్మీకాంతం గారి హరిశ్చంద్ర నాటకమైనా హార్మోనియం లేకుండా ఊహించుకోలేము.

అయితే నాటకంలో హార్మోనిస్టు చేసే పనేమిటి? పద్యం గణబద్ధం. గురులఘువులు దానికి మెట్లు. నటుడు పద్యం ఎత్తుకొని, పాదం చివర రాగం తీస్తూ, ఆ మెట్లకు అందని చోట్లకెల్లా తిరిగి వస్తాడు. గమకాలు పలికేది అతని గొంతు. హార్మోనిస్టు అతనికి ముందు శ్రుతి చూపుతాడు, వెనుక స్వరాలు అల్లుతాడు, ఊపిరి తీసుకొనే వేళ ఖాళీని నింపుతాడు. ఒక నటుడిది నాలుగు శ్రుతి, మరొకరిది ఆరు. కృష్ణుడు దిగి అర్జునుడు ఎక్కేలోగా హార్మోనిస్టు వేళ్ళు కొత్త షడ్జమానికి మారిపోవాలి. ఏ మెట్టునైనా 'స' అనుకొని అక్కడినుండి మోహన పలికించగలిగితేనే అతడు హార్మోనిస్టు.

ఇక దీనిపై వచ్చిన ఆక్షేపణ సంగతి. అది ఒట్టి ఛాందసం కాదు. హార్మోనియంలో ఒక స్థాయిని 12 సమాన భాగాలుగా విభజిస్తారు. ప్రతి మెట్టు తన ముందుమెట్టుకు సుమారు 1.0595 రెట్లు. తంబురా మీటినప్పుడు చెవికి సహజంగా అందే అంతర గాంధారం షడ్జమానికి సరిగా 1.25 రెట్లు ఉంటుంది. సమవిభజనలో అది 1.26 అవుతుంది. తేడా స్వల్పమే, కాని తంబురా ప్రక్కన పెడితే తెలుస్తుంది. రెండవ ఆక్షేపణ ఇంతకన్న బలమైనది. మెట్టుకూ మెట్టుకూ నడుమ జారడానికి వీలు లేదు. గమకం లేని తోడి తోడి కాదు. ఇంగ్లీషువాడైన ఫాక్స్ స్ట్రాంగ్వేస్ 1914 నాటి తన గ్రంథంలో హార్మోనియాన్ని తప్పుబట్టాడు. ఢిల్లీ రేడియోలో పాశ్చాత్య సంగీత విభాగాన్ని చూసిన స్వరకర్త జాన్ ఫౌల్డ్స్ 1938లో దానిపై ఒక వ్యాసమే వ్రాశాడు. 1940 జనవరిలో రవీంద్రనాథ ఠాగూరు కలకత్తా కేంద్రానికి లేఖ వ్రాశారు. 1940 మార్చి 1 నుండి ఆలిండియా రేడియోలో హార్మోనియం నిషిద్ధమైంది.

స్వాతంత్ర్యం వచ్చినా ఆ నిషేధం పోలేదు. 1952 నుండి 1962 వరకు సమాచార, ప్రసార శాఖ మంత్రిగా ఉన్న బి.వి. కేస్కర్ దానిని కొనసాగించారు. 1971లో అది పాక్షికంగా సడలింది. మూడు దశాబ్దాల పాటు దేశపు రేడియో ఒక వాద్యాన్ని గడప దాటనివ్వలేదు. అదే కాలంలో మన పల్లెల్లో కిరసన్ దీపాల వెలుగులో, ఆ తరువాత పెట్రోమాక్సు దీపాల వెలుగులో, హార్మోనియం తెల్లవార్లూ మోగుతూనే ఉన్నది.

ఇక్కడ ఒక సంగతి గమనించాలి. స్థిరమైన మెట్లు మనకు కొత్త కావు. తంజావూరు రఘునాథ నాయకుని కాలంలో, అంటే 17వ శతాబ్ది తొలిభాగంలో, వీణకు స్థాయికి 12 చొప్పున రెండు స్థాయిలకు 24 మెట్లు స్థిరంగా అమర్చారని ప్రసిద్ధి. ఆ నాయకరాజు స్వయంగా తెలుగు కవి. ఆ శతాబ్దిలోనే వేంకటమఖి చతుర్దండీ ప్రకాశికలో 12 స్వరస్థానాల మీద 72 మేళాల ప్రణాళిక కట్టాడు. కనుక దోషం పన్నెండు అంకెలో లేదు, మెట్టు స్థిరంగా ఉండడంలోనూ లేదు. వీణమెట్టు మీద తీగ ఉంది, దానిని వేలితో ప్రక్కకు లాగవచ్చు. హార్మోనియంలో ఇత్తడి రీడు ఉంది, దానిని లాగే వేలు లేదు. భేదమంతా అక్కడ.

జపాను సంగతి చూద్దాం. 1887లో హమమత్సు పట్టణంలోని ఒక ప్రాథమిక పాఠశాలలో విదేశీ రీడు ఆర్గన్ చెడిపోయింది. అది మన హార్మోనియానికి దగ్గరి చుట్టం. బాగుచేయడానికి వచ్చిన యమహా తొరకుసు అనే పనివాడు దాని లోపలి కీలకం గ్రహించి, తానే ఒకటి తయారుచేశాడు. మిత్రునితో కలిసి దానిని కావడికి కట్టి, హకోనే కొండలు దాటి, టోక్యోలోని సంగీత విద్యాలయానికి పరీక్షకు మోసుకుపోయాడు. ఆకారం బాగుంది గాని శ్రుతి సరిగా లేదన్నారు అక్కడివారు. ఆయన అక్కడే ఉండి శ్రుతిశాస్త్రం నేర్చుకొని, తిరిగి వచ్చి మళ్ళీ చేశాడు. ఈనాటి యమహా సంస్థకు మూలం అదే. బడిలో చెడిపోయిన వాద్యమొకటి ఇంత పని చేసిందంటే, జీవితమంతా బడిలో గడిపిన నాకు సంతోషంగా ఉంటుంది.

మరొక దారి లెక్కల యంత్రాల నుండి వచ్చింది. కాషియో సోదరులు గణనయంత్రాలు చేసేవారు. వారిలో తొషియోకు సంగీతమంటే ప్రేమ ఉన్నా వాద్యం వాయించడం రాదు. ఎవరైనా పలికించగల వాద్యం కావాలన్న కోరికతో 1980లో కాసియోటోన్ 201 వెలువడింది. 1981లో వచ్చిన ఎంటి-40 అనే చిన్న కీబోర్డులో ఒకుదా హిరోకో అనే యువ ఉద్యోగిని కూర్చిన ఒక తాళగతి 1985లో జమైకా దేశపు రెగే సంగీతాన్నే మలుపు తిప్పింది. ఇంట్లో పిల్లలు వాయించుకొనే పెట్టె ఎక్కడో ద్వీపంలో ఒక జాతి గొంతులో కలిసిపోయింది. ఏ వాద్యం ఎవరి చేతికి చేరి ఏమవుతుందో చేసినవాడికి తెలియదు.

ఇప్పుడు నా పాతపెట్టె సంగతి. మొదట తోచినది – దీనికి ఊపిరి లేదు. హార్మోనియంలో ఎడమచెయ్యి గాలి ఎంత ఇస్తే స్వరం అంత ఉబ్బుతుంది, అంత తగ్గుతుంది. నటుడి గొంతు సన్నగిల్లితే తిత్తి కూడా మెత్తబడేది. ఈ పెట్టెలో వేణువు ధ్వని ఎంచుకొని ఒక మెట్టు నొక్కి పట్టితే, కరెంటు ఉన్నంతసేపు ఒకే తీరుగా మోగుతుంది. అలసట లేదు, అందువల్ల ఆర్తి కూడా లేదు.

రెండవది ఎడమచెయ్యి. కలకత్తా పనివారు మన ఎడమచేతిని గాలికి కట్టివేస్తే ఈ పెట్టె దానిని విడిపించింది. విడిపించి ఏం చేయమంటుంది? స్వరగుచ్ఛం నొక్కమంటుంది, నొక్కితే తాళవాద్యాలతో సహా మేళమంతా బయలుదేరుతుంది. హిందోళం ఆలపిస్తూ అనాలోచితంగా ఆ మీట తాకానంటే పెండ్లి ఊరేగింపు వచ్చి మీద పడినట్లుంటుంది.

మూడవది ఆశ్చర్యం. ఎడమప్రక్క ఒక చిన్న చక్రం ఉంది. అమెరికాలో 1970లో వచ్చిన మినీమూగ్‌తో ఇటువంటి చక్రం వాడుకలోకి వచ్చింది. దానిని కొద్దిగా త్రిప్పితే స్వరం మెట్టు విడిచి పైకో క్రిందికో జారుతుంది. ఏ లోపం చూపి హార్మోనియాన్ని వెలివేశారో, ఆ లోపానికి ఇక్కడ మందు ఉంది! చెన్నైకి చెందిన కె. సత్యనారాయణన్ కీబోర్డు మీద కర్ణాటక కచేరీలే చేశారు. నేను వారం రోజులు శ్రమించి తోడిలో గాంధారం ఊపడానికి ప్రయత్నించాను. పదిసార్లలో ఒకసారి అది గాంధారంలా వినిపిస్తుంది. మిగిలిన తొమ్మిదిసార్లు నావ ఊగినట్లుంటుంది. ఆడలేక మద్దెల ఓడని అనను. చక్రం పని చక్రం చేస్తోంది. ఎక్కడ ఆగాలో చెప్పవలసినది చెవి. హార్మోనియానికి ఊపిరి ఉంది, జారుడు లేదు. దీనికి జారుడు ఉంది, ఊపిరి లేదు.

నాలుగవది నన్ను ఆలోచింపజేసింది. ఎవరో పిల్లల కోసం కాబోలు, మెట్ల మీద చిన్న కాగితం ముక్కలు అతికించి ఉన్నాయి – ఒకటో తెల్లమెట్టు మీద 'స', రెండో దానిమీద 'రి', అలా. శ్రుతి మార్చాలంటే వేరే మీట ఉంది. అది నొక్కితే అవే మెట్లు మరో శ్రుతిలో పలుకుతాయి, వేళ్ళు కదలనక్కరలేదు. సౌకర్యమే, కాదనను. కాని 'స' ఒక మెట్టు పేరు కాదు. పాడేవాడు తన గొంతుకు తగినట్లు నిలుపుకొనే ఆధారం. పన్నెండు మెట్లలో దేనినైనా షడ్జమం చేసుకోగల హార్మోనిస్టు చేతిలో ఆ జ్ఞానం ఉండేది. కాగితం చూసి నేర్చిన బిడ్డకు 'స' అంటే ఆ తెల్లమెట్టే. రేడియోవారు గమకం పోతుందని భయపడ్డారు. గమకం పోలేదు, గాయకుల గొంతులలో నిలిచే ఉంది. పోతున్నది మరొకటి – వాద్యాన్ని మనిషి గొంతుకు ఒదిగించే విద్య. అది నిషేధం వల్ల పోలేదు, సౌకర్యం వల్ల పోతోంది.

అందుచేత ఆ కాగితాలను నీటితో నానబెట్టి తీసివేశాను. శ్రుతి మార్చే మీటను ముట్టరాదని నియమం పెట్టుకొన్నాను. వీధిలోని ఇద్దరు పిల్లలు సాయంత్రం వస్తున్నారు. ముందు వారిచేత పాడిస్తాను, వారి గొంతు ఎక్కడ నిలిచిందో వెదకి ఆ మెట్టును ఆనాటికి 'స' అంటాను. ఒకరిది ఐదు, ఒకరిది ఐదున్నర. అరమెట్టు తేడాకు వేళ్ళన్నీ కొత్త దారి వెదుక్కోవలసి వస్తుంది. విసుగుతోనైనా నేర్చుకొంటున్నారు.

పీసపాటి నరసింహమూర్తి గారి పేరో, షణ్ముఖి ఆంజనేయరాజు గారి పేరో తలచుకొంటే పద్యం చెవిలో మోగుతుంది. వారి వెనుక కూర్చొని రాత్రంతా తిత్తి ఊదినవారి పేర్లు అడిగితే మనలో చాలామందికి వెంటనే నోటికి రావు. మీ ఊరి హార్మోనిస్టు ఎవరు? ఆయన ఏ నాటకాలకు వాయించేవారు, ఎవరి దగ్గర నేర్చుకొన్నారు? ఇంట్లో పెద్దలు ఉండగానే అడిగి వ్రాసి పెట్టండి. నేను మా ప్రాంతం వారివి మొదలుపెట్టాను. ఇప్పటికి ఏడు పేర్లు దొరికాయి. అవి మరొకసారి.