ఇథిలీన్ ఆక్సైడ్ ఆవిరి పర్యవేక్షణ
వేడిని తట్టుకోలేని కెథీటర్లు, ప్లాస్టిక్ గొట్టాల వంటి పరికరాలను ఆసుపత్రులు ఇథిలీన్ ఆక్సైడ్ వాయువుతో క్రిమిరహితం చేస్తాయి. ఇది క్యాన్సర్ కారకం. ముక్కును నమ్ముకోవడానికి లేదు. వాసన తెలిసేది గాలిలో వందల పీపీఎం (పది లక్షల భాగాల్లో భాగాలు) చేరాకే. అమెరికాలో 1984 నాటి నిబంధన ప్రకారం 8 గంటల సగటు 1 పీపీఎం మించరాదు. 1988లో 15 నిమిషాల సగటుకు 5 పీపీఎం హద్దు కలిపారు. ఈ రెండోదే కీలకం: క్రిమిరహితం చేసే యంత్రం తలుపు తెరిచి, సామగ్రిని గాలి ఆడించే అరలోకి మార్చే కాసేపట్లోనే మోతాదు ఎగబాకుతుంది, రోజు సగటులో అది కనబడకుండా పోతుంది. పీల్చిన మోతాదును కొలవడానికి కాలరుకు తగిలించుకున్న బ్యాడ్జీని షిఫ్టు అయ్యాక ప్రయోగశాలకు పంపుతారు. ఫలితం వచ్చేసరికి పీల్చాల్సింది పీల్చేసే ఉంటారు. కాబట్టి లీకును అప్పటికప్పుడే పట్టే అలారం మీటరు గదిలో ఉండాలి. 8 గంటల సగటు 0.5 పీపీఎం దాటినచోట కొలతలు ఎప్పటికప్పుడు మళ్లీ తీయాలి.