నిద్రమాత్ర మానేదెలా? నల్లకుంట నుంచి ఒక పరిశీలన

రాత్రి ఎనిమిది దాటాక హైదరాబాద్‌లో నల్లకుంట, నారాయణగూడ, చిక్కడపల్లి వీధుల్లోని మెడికల్ షాపుల దగ్గర కాసేపు నిలబడితే ఒక సంగతి గమనించవచ్చు. బీపీ, షుగరు మందులకు చీటీ చూపించే పెద్దవాళ్ళలో కొందరు నిద్రమాత్ర దగ్గరికి వచ్చేసరికి చీటీ తీయరు. జేబులోంచి ఖాళీ స్ట్రిప్పు తీసి గాజు బల్ల మీద పెడతారు. కత్తిరించగా మిగిలిన ముక్క అది, మందు పేరులో సగం అక్షరాలే కనిపిస్తుంటాయి. ఎప్పుడు మొదలైందంటే ఆపరేషన్ అయినప్పుడనో, ఇంట్లో మనిషి పోయినప్పుడనో చెబుతారు. పది రోజులకని రాసిన బిళ్ళ పదేళ్ళు నడిచిపోయి ఉంటుంది.

ఆల్ప్రాజోలం, డైజిపామ్, క్లోనజిపామ్, లోరాజిపామ్ ఒకే కుటుంబానికి చెందిన మందులు. వాటిని బెంజోడయాజిపైన్లు అంటారు. ఆందోళన ఉధృతంగా ఉన్నప్పుడు, మూర్ఛ వచ్చినప్పుడు వాటి మేలు తిరుగులేనిది. ఇబ్బంది దీర్ఘకాల వాడకంతోనే. రోజూ వేసుకుంటే కొన్ని వారాల్లోనే మెదడు ఆ మందుకు సర్దుకుపోతుంది. అందుకే బ్రిటన్‌లోని ఔషధ భద్రతా సంఘం 1988లోనే రెండు నుంచి నాలుగు వారాలకు మించి వాడవద్దని సూచించింది. వయసు మళ్ళినవారికి తూలి పడటం, తుంటి ఎముక విరగడం, మతిమరుపు వంటి ముప్పులు వీటితో ముడిపడి ఉన్నాయని అనేక పరిశీలనలు చెబుతున్నాయి. అయితే నిద్ర పట్టనివారిలో ముందే ఉన్న జబ్బుల ప్రభావం ఎంత, మందు ప్రభావం ఎంత అనేది ఆ పరిశీలనలన్నీ ఒకేలా తేల్చలేదు.

కేంద్ర సామాజిక న్యాయ శాఖ కోసం ఎయిమ్స్ చేసిన జాతీయ సర్వే 2019లో వెలువడింది. వైద్య అవసరం లేకుండా మత్తుమాత్రలు వాడేవారు 10 నుంచి 75 ఏళ్ళ వయసువారిలో 1.08 శాతం, అంటే సుమారు 1.18 కోట్ల మంది అని అది అంచనా వేసింది. ఈ అంకెను నల్లకుంటకు యథాతథంగా అంటగట్టకూడదు. అది రాష్ట్రాల స్థాయి సర్వే. పైగా ఒకప్పుడు డాక్టరు రాసిన మందునే ఏళ్ళ తరబడి కొనుక్కునే పింఛనుదారు ఆ నిర్వచనంలోకి వస్తారా రారా అన్నది కూడా చర్చించవలసిందే.

ఈ మందు హఠాత్తుగా అందకపోతే ఏమవుతుందో తెలంగాణ ఇప్పటికే చూసింది. కల్లులో డైజిపామ్, ఆల్ప్రాజోలం, క్లోరల్ హైడ్రేట్ కలిపి అమ్మడం ఇక్కడ పాత వ్యాధి. 2015 సెప్టెంబరులో నిజామాబాద్, మహబూబ్‌నగర్ జిల్లాల్లో కల్తీ కల్లుపై దాడులు ముమ్మరమయ్యాయి. అలవాటుపడ్డ వాళ్ళు వణుకుతో, మూర్ఛలతో, లేనివి కనిపించే భ్రాంతులతో ఆసుపత్రులకు చేరారు. కొందరు ప్రాణాలు పోగొట్టుకున్నారు. దాడులు చేయడం తప్పని నేను అనను. మందు ఆగిపోయే మనిషికి పక్కనే చికిత్స సిద్ధం చేయకపోవడమే తప్పు. నగరంలోని నిద్రమాత్రల విషయంలోనూ గుర్తుంచుకోవలసింది ఇదే.

ఎందుకంటే నియంత్రణ కాగితం మీద ఉండనే ఉంది. 2014 మార్చి 1 నుంచి ఈ మందుల్లో ఆల్ప్రాజోలం, డైజిపామ్ వంటివి షెడ్యూల్ హెచ్1 కిందికి వచ్చాయి. ఎవరు రాశారు, ఎవరికి ఇచ్చారు, ఎన్ని ఇచ్చారు అనేది షాపువారు విడి రిజిస్టరులో రాసి మూడేళ్ళు భద్రపరచాలి. రేపు ఆ నిబంధనను కచ్చితంగా అమలు చేశారనుకుందాం. పదేళ్ళుగా రోజూ బిళ్ళ వేసుకునే డెబ్బై ఏళ్ళ మనిషి ఆ రాత్రికి ఏం చేయాలి?

దీనికి జవాబు పెద్దాసుపత్రిలోనే ఉండాలని లేదు. కెనడాలోని క్యూబెక్‌లో ఎంపవర్ అనే అధ్యయనం జరిగింది, 2014లో ఫలితాలు వచ్చాయి. వీధి మందుల షాపుల ద్వారా గుర్తించిన, 65 ఏళ్ళు దాటిన 303 మంది అందులో ఉన్నారు. ఒక వర్గానికి చిన్న పుస్తకం పంపారు. మందు ముప్పు ఏమిటో, నిండు బిళ్ళ నుంచి సగానికి, పావుకు ఎలా దిగాలో బొమ్మలతో చెప్పిన పుస్తకమది. ఆరు నెలలకు వారిలో 27 శాతం మంది పూర్తిగా మానేశారు. పుస్తకం అందని వర్గంలో మానింది 5 శాతం.

అదే ఏడాది వెలువడిన స్పెయిన్ అధ్యయనం మనకు మరింత పనికొస్తుంది. 75 మంది కుటుంబ డాక్టర్లు, 532 మంది రోగులు. ఒక వర్గానికి డాక్టరు వివరంగా చెప్పి, తగ్గించే క్రమాన్ని రాసిచ్చారు. రెండో వర్గానికి చెప్పడంతో పాటు మళ్ళీ మళ్ళీ పిలిచి చూశారు. మూడో వర్గానికి మామూలు వైద్యమే. ఏడాది తర్వాత మొదటి రెండు వర్గాల్లోనూ 45 శాతం మంది మానేశారు, మూడో దానిలో 15 శాతం. అంటే డాక్టరు వివరించి రాసిచ్చిన ఒక్క కాగితం పదేపదే పిలిచి చూడటంతో సమానంగా పనిచేసింది. ఒకే డాక్టరు, ఒక నర్సు, ఒక సహాయకురాలితో నడిచే మన బస్తీ దవాఖానాకు ఇంతకంటే ఆశ కలిగించే ఫలితం ఏముంటుంది?

అయినా తొందరపడకూడదు. స్పెయిన్‌లో ప్రతి రోగికీ ఒక కుటుంబ డాక్టరు ఉంటారు, మనకు చీటీకొక డాక్టరు. క్యూబెక్ అధ్యయనంలో మతిమరుపు జబ్బు, తీవ్ర మానసిక వ్యాధి ఉన్నవారిని చేర్చుకోలేదు. రెండు చోట్లా సగానికి పైగా మానలేకపోయారు. మన దగ్గర ఇచ్చే కాగితం తెలుగులోనూ ఉర్దూలోనూ, పెద్ద అక్షరాల్లో, బొమ్మలతో ఉండాలి. దాన్ని ముందు రెండు మూడు దవాఖానాల్లో పరీక్షించి చూడాలి.

తగ్గించే లెక్క కూడా అంత తేలిక కాదు. 2025లో అమెరికా వైద్య సంఘాలు ఉమ్మడిగా ఇచ్చిన మార్గదర్శకం ప్రకారం రెండు నుంచి నాలుగు వారాలకొకసారి 5 నుంచి 10 శాతం తగ్గిస్తూ మొదలుపెట్టాలి. రెండు వారాల్లో 25 శాతం మించకూడదు. ఇప్పుడు అర మిల్లీగ్రాము ఆల్ప్రాజోలం బిళ్ళను చేతిలోకి తీసుకోండి. బ్లేడుతో కోస్తే సగం వస్తుంది, మళ్ళీ కోస్తే పావు, ఆపై పొడే. పావు మిల్లీగ్రాము బిళ్ళలను సగం చేస్తూ దించినా మొదటి మెట్టు 25 శాతం, చివరి మెట్లు అంతకంటే పెద్దవి. అందుకే కొందరు డాక్టర్లు నెమ్మదిగా దిగే డైజిపామ్‌కు మార్చి, 2 మిల్లీగ్రాముల బిళ్ళను సగం చేసి మెల్లగా దించుతారు. కానీ వృద్ధుల శరీరంలో డైజిపామ్ పేరుకుపోతుంది, పడిపోయే ముప్పుంది. ఏ దారి ఎవరికన్నది డాక్టరే తేల్చాలి. ఫిట్స్ ఉన్నవారిని, రోజూ మద్యమో కల్లో తాగేవారిని, ఎక్కువ మోతాదు వాడేవారిని బస్తీ దవాఖానాలో ఉంచకుండా ముషీరాబాద్‌లోని గాంధీ ఆసుపత్రికో, ఎర్రగడ్డ మానసిక చికిత్సాలయానికో పంపాలి.

అశోక్‌నగర్ హాస్టళ్ళలో గ్రూప్స్ పరీక్షలకు చదువుతూ నిద్రమాత్ర మొదలుపెట్టే పిల్లల సంగతి వేరు. వారిలో అలవాటు ముదరకముందే ఆపవచ్చు. నిద్రలేమికి మాటలతో, దినచర్య మార్పుతో చేసే చికిత్సకు బలమైన ఆధారాలున్నాయి. మొదట అందవలసింది అదే.

హెచ్1 రిజిస్టరును నేరం పట్టుకునే పుస్తకంగానే కాక సాయం అవసరమైనవారిని గుర్తించే పుస్తకంగా కూడా వాడవచ్చని నా అభిప్రాయం. అదే మందు మూడోసారి కొనే మనిషి చేతిలో షాపువారు ఒక కాగితం పెట్టి, దగ్గరి దవాఖానా చిరునామా చెబితే చాలు.

మీ ఇంట్లో ఎవరైనా ఏళ్ళుగా ఈ బిళ్ళ వేసుకుంటుంటే స్ట్రిప్పు దాచేయకండి, రేపటి నుంచి బంద్ అని ఒట్టు వేయించుకోకండి. ఆ స్ట్రిప్పుతోనే డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళి, తగ్గించే క్రమం రాసిమ్మని అడగండి. అర్ధరాత్రి గాభరా మొదలైతే మాట్లాడటానికి టెలీ మానస్ ఉచిత నంబరు 14416 ఉంది. ఫిట్స్ వస్తే మాత్రం ఆలస్యం చేయకుండా 108కి ఫోన్ చేయండి.