స్పార్కు ప్లగ్గు: నాడు, నేడు

బడివేళకు బయలుదేరిన ఉపాధ్యాయుని మోటారు సైకిలు ఎంత తన్నినను పలుకకపోవుట ఒకప్పుడు మన ఊళ్లలో తరచు కనబడు దృశ్యము. అప్పుడాయన చేయు మొదటి పని ఒక్కటే: పానాతో ప్లగ్గు విప్పి, దాని మసిని ఎమరీ కాగితముతో రుద్ది, మరల బిగించుట. పెక్కుసార్లు బండి వెంటనే బయలుదేరెడిది. తండ్రి చేయగా చూచి కొడుకు నేర్చుకొనెను. కాని నేటి బండ్లలో కొన్నింటి ప్లగ్గును అట్లే రుద్దినచో మేలుకు మారు కీడే కలుగును. నాడు సరియైన పని నేడు తప్పెట్లయినది? సమాధానము ఆ చిన్న వస్తువు చరిత్రలోనే యున్నది.

వాయు మిశ్రమమును విద్యుత్తుతో అంటించవచ్చునను సంగతి పెట్రోలు ఇంజనుకంటె పాతది. ఇటలీ శాస్త్రజ్ఞుడు అలెస్సాండ్రో వోల్టా 1770 దశకములోనే గాలిని, చిత్తడినేలలనుండి వెలువడు మీథేను వాయువును ఒక పాత్రలో కలిపి, విద్యుత్ నిప్పురవ్వతో పేల్చి చూపెను. 1860లో పారిస్ నగరమున ఎటియన్ లెన్వార్ ఈ సూత్రమును పనిలో పెట్టెను. ఆయన ఇంజనులో బొగ్గువాయువు, గాలి కలిసిన మిశ్రమమును ప్రేరణ తీగచుట్టనుండి వచ్చిన రవ్వ అంటించెడిది. విద్యుత్తు తెచ్చు తీగ లోహపు సిలిండరును తాకినచో రవ్వ పుట్టదు గదా! అందువలన ఆ తీగకు పింగాణి తొడుగు అమర్చెను. నేటి ప్లగ్గుకు ఆదిరూపమిదే.

అయినను రవ్వ వెంటనే గెలువలేదు. 1885లో జర్మనీలో డైమ్లర్ నిర్మించిన రెండుచక్రాల బండిలో మిశ్రమమును అంటించినది రవ్వ కాదు, దీపపు మంటతో ఎర్రగా కాల్చిన ఒక గొట్టము. మిశ్రమము సరిగా ఏ క్షణమున అంటుకొనవలెనో నిర్ణయించుట ఆ గొట్టమువలన సాధ్యము కాదు. ఇంజను వేగము పెరిగినకొలది ఈ లోపము బయటపడెను. లెక్క చూడుడు: నిమిషమునకు 6000 సార్లు తిరుగు నాలుగు స్ట్రోకుల ఇంజనులో, ఒక్కొక్క సిలిండరునకు నిమిషమునకు 3000 రవ్వలు, అనగా సెకనుకు 50 రవ్వలు కావలెను! ఈ చిక్కును విడదీసినవాడు స్టుట్‌గార్ట్ నగరమున రాబర్ట్ బాష్ కర్మాగారములో పనిచేసిన గాట్లోబ్ హోనోల్డ్. ఆయన అధిక వోల్టేజి మాగ్నెటోకు 1902లో పేటెంటు లభించెను. సిలిండరు లోపల కదలు భాగములతో ఇక పనిలేకపోయెను. కదలని రెండు కొనల మధ్య రవ్వ తానే దుమికెను.

రవ్వ దుముకుటకు కావలసిన వోల్టేజి, వాయు పీడనముపైనను, కొనల మధ్య సందుపైనను ఆధారపడునని జర్మనీ భౌతిక శాస్త్రజ్ఞుడు పాషెన్ 1889లో తెలిపెను. ప్రతి రవ్వకు కొన కొంచెము అరుగును, సందు పెరుగును, రవ్వ పుట్టుట కష్టమగును. సందును కొలుచుటకు కారణమిదే.

రెండవ శత్రువు మసి. పింగాణి ముక్కుపై మసి పేరుకొనినచో విద్యుత్తు దానిగుండ జారిపోవును. ముక్కు సుమారు 450 డిగ్రీల సెంటిగ్రేడుకంటె వేడెక్కినచో మసి తనంతట కాలిపోవును. మిక్కిలి వేడెక్కినచో రవ్వకు ముందే మిశ్రమము అంటుకొనును. అందుకే ఇంజనును బట్టి పొడవు ముక్కు ప్లగ్గులు, పొట్టి ముక్కు ప్లగ్గులు ఏర్పడినవి. 1930 దశకములో పింగాణికి బదులు అల్యూమినా వచ్చి, వేడికి పగులుట తగ్గినది.

మూడవ శత్రువును మనిషే తెచ్చుకొనెను. ఇంజను టకటక కొట్టుకొనుటను ఆపుటకు మిడ్జిలీ 1921లో కనుగొన్న సీసపు సమ్మేళనము 1923నుండి పెట్రోలులో కలిసెను. ఆ సీసము గాలిని విషముచేసెను, ప్లగ్గులపైనను పేరుకొనెను. మన దేశములో రెండు స్ట్రోకుల బండ్లు పెట్రోలుతోబాటు నూనెనుకూడ కాల్చెడివి. ఇన్ని కారణములచే నాటి ప్లగ్గును మాటిమాటికి శుభ్రపరచక తప్పలేదు.

2000లో మన దేశమున సీసపు పెట్రోలు నిలిచిపోయెను. 2021లో అల్జీరియాతో ప్రపంచమంతట రోడ్డు వాహనములకు దాని అమ్మకము ముగిసెను. 2020 ఏప్రిల్ 1న భారత్ స్టేజి 6 నియమములు వచ్చిన తరువాత పెట్రోలును కొలిచి చిమ్ము యంత్రాంగము చిన్న బండ్లలోనికిని విస్తరించెను. మసి తగ్గెను. కొన్ని ప్లగ్గుల నడిమి కొనకు 2446 డిగ్రీలవద్ద కరగు ఇరిడియమును వాడుచున్నారు. సన్నని కొనవద్ద విద్యుత్ క్షేత్రము తీవ్రమగును గావున తక్కువ వోల్టేజికే రవ్వ పుట్టును. కొన మందము అర మిల్లీమీటరు ప్రాంతము. దానిని ఎమరీ కాగితముతోగాని, తీగల బ్రష్షుతోగాని రుద్దినచో ఆ కొనయే చెడును. ముక్కుపై పడిన గీతలలో మసి మరింత నిలుచును.

మరి స్వయముగా చేయదగినదేమి? ఇంజను చల్లారిన పిమ్మట ప్లగ్గు చుట్టునున్న దుమ్మును ఊది తీయుడు. లేనిచో అది సిలిండరులో పడును. విప్పి ముక్కు రంగు చూడుడు. లేత గోధుమ రంగు ఆరోగ్యచిహ్నము. పొడి మసి పెట్రోలు హెచ్చినదని, నూనె తడి పిస్టను రింగులో మరొకటో అరిగినదని, తెల్లని బొబ్బలు మితిమీరిన వేడియని తెలుపును. నికెలు ప్లగ్గైనచో సందును కొలిచి, పక్కకొనను మాత్రమే మెల్లగా వంచి సరిచేయవచ్చును. ఇరిడియము ప్లగ్గును వంచరాదు, అరిగినప్పుడు మార్చవలెను. సందు ఎంత, ఎన్ని కిలోమీటర్లకు మార్పు అనునవి బండి పుస్తకములోనుండును. బిగించునపుడు మొదట చేతితోనే త్రిప్పుడు. మర తప్పి ఎక్కినచో అల్యూమినియపు సిలిండరు తల చెడును; ఆ నష్టము ప్లగ్గు వెలకు ఎన్నోరెట్లు.

ఉపాధ్యాయులు మెకానిక్కువద్ద పారవేసిన ప్లగ్గులు నాలుగు తెచ్చి, భూతద్దముతో విద్యార్థులకు చూపవచ్చును. అరిగిన కొనను, మసిని, తడిని వారే గుర్తించి కారణము చెప్పుదురు. పని మాత్రమే నేర్చినవాడు యంత్రము మారినపుడు పొరపడును. పనికి కారణము నేర్చినవాడు మారిన యంత్రమును కూడ బాగుచేయగలడు.