నీళ్ళు పడిన చోటు నుంచి నీడ కావాల్సిన చోటికి

గుంటూరు, ప్రకాశం రేగడి పల్లెల్లో పాత ఇంటి పెరడును ఎవరూ కాగితం మీద గీయలేదు. నీళ్ళే గీశాయి. స్నానాల దొడ్డి తూము పారే దారిలో అరటి పిలకలు, గిన్నెలు తోమే చోట కరివేపాకు, బావి పక్కన కొబ్బరి, కుడితి గాబు వారన కాకరపాదు. వాడిన నీళ్ళు ఎటు పారితే మొక్క అటు పెరిగేది. మనుషులు కూర్చునేది మాత్రం ఇంటికి ముందువైపు, వీధి అరుగు మీదా తాటాకు పందిరి కిందా. పచ్చదనం వెనక, మనుషులు ముందు. ఇప్పుడు ఈ ప్రాంతంలో కొత్తగా కట్టుకునే ఇళ్ళలో ఈ రెండూ ఒక్కచోటికి వస్తున్నాయి. గేటు పక్కన సన్నజాజి పందిరి, దాని కింద నాపరాయి బల్ల, ప్రహరీ వెంట మందార, నందివర్ధనం, మేడ మీద వంగ, టమాటా. ఈ మార్పు వెనక పదహారు మిల్లీమీటర్ల నల్ల గొట్టం ఒకటి ఉంది. పేరు పెద్దగా వినపడదు గానీ, ఈ నేల మీద ఇంటితోటను మార్చింది అదేనని నా నమ్మకం.

ముందు ఈ నేల గురించి చెప్పాలి. రేగడిలో ఉండే బంకమన్ను తడిస్తే ఉబ్బుతుంది, ఆరితే ముడుచుకుని నెర్రెలిస్తుంది. ఏప్రిల్, మే నెలల్లో, రెంటచింతల ఎండల గురించి రాష్ట్రమంతా చెప్పుకునే రోజుల్లో, ఆ నెర్రెల్లో చెయ్యి దూరుతుంది. అప్పుడు మొక్క మొదట్లో బిందెడు నీళ్ళు పోస్తే సగం నెర్రెలోంచి వేరుకు అందకుండా లోపలికి జారిపోతాయి. నెర్రె పూడుకుని మన్ను ఉబ్బాక పోసిన నీళ్ళు ఇంకక పైనే నిలుస్తాయి, వేళ్ళకు గాలి ఆడదు. చేలో నీళ్ళు నిలిస్తే మిర్చి ఎలా తల వాల్చేస్తుందో ఇక్కడి రైతుకు ఎవరూ చెప్పక్కర్లేదు. ఇంటికీ ఇదే గండం. గోడ వారన మొక్కలకు రోజూ గుమ్మరించి పోస్తుంటే ఆ పక్క నేల ఉబ్బుతుంది, అవతలి పక్క ఎండి ముడుచుకుంటుంది, గోడ బీట వారుతుంది. ఆ భయంతోనే చాలామంది గ్రావెల్ తోలించి, మెరక చేసి, వాకిలంతా సిమెంటు చేసేస్తారు. అలా చేస్తే వానచుక్క కూడా లోపలికి దిగదు, సాయంత్రం పొద్దుపోయేదాకా ఆ గచ్చు సెగ కక్కుతూనే ఉంటుంది. దాన్ని తోట అనలేం, పెరడూ అనలేం.

కొంతమంది లాన్ వేయిస్తారు. గడ్డిని పచ్చగా కత్తిరించి ఉంచే అలవాటు ఇంగ్లండు లాంటి చల్లటి, తడి దేశాలది. ఆ గడ్డి కోసే యంత్రం కథ పత్తి ప్రాంతం వాళ్ళు వినదగ్గది. 1830లో ఎడ్విన్ బడ్డింగ్ అనే మెకానిక్ గ్లాస్టర్‌షైర్‌లో దానికి పేటెంటు తీసుకున్నాడు. ఉన్ని గుడ్డ మీద లేచిన నూగును సమంగా కత్తిరించే మిల్లు యంత్రాన్ని చూసి, గడ్డికీ అదే పని చేయొచ్చని అతనికి తోచింది. గొప్ప ఆలోచనే. కానీ ఆ యంత్రం మన ఇంటికి వచ్చినంత మాత్రాన అక్కడి వాన రాదు. మన ఎండలకు గడ్డి తాగే నీళ్ళతో ఒక చిన్న కూరగాయల మడి బతుకుతుంది. అంతకంటే ఒక వేపచెట్టు నీడ మేలు.

ఇక ఆ నల్ల గొట్టం సంగతి. కొద్దికొద్దిగా నీళ్ళు ఇవ్వాలన్న ఆలోచన పాతదే. శివలింగం మీద ధారాపాత్ర నుంచి బొట్టు బొట్టుగా పడే నీరు ఈ నేల మీద శివాలయాల్లో ఉంది. మట్టికుండను మొక్క పక్కన మెడదాకా పాతిపెట్టి నింపే పద్ధతి మన దేశంలోనూ ఉంది, చైనాలో రెండువేల ఏళ్ళ కిందటి వ్యవసాయ గ్రంథంలోనూ ఉంది. కానీ వంద మొక్కలకు వంద కుండలు పాతి, రోజూ నింపడం ఎవరి తరం?

1897లో వార్సాలో పుట్టి పాలస్తీనాకు వలస వెళ్ళిన సింఖా బ్లాస్ నీటి ఇంజనీరు. 1930ల్లో ఒక రైతు ఆయనకు చుట్టుపక్కల చెట్లకంటే బాగా ఎత్తుగా ఎదిగిన చెట్టును చూపించాడు. దానికి ఎవరూ నీళ్ళు పెట్టిన జాడ లేదు. తవ్వి చూస్తే లోపల గొట్టం అతుకు దగ్గర సన్నగా కారుతోంది. పైన తడి ఆనవాలు కొంచెమే, కింద వేళ్ళ చుట్టూ మాత్రం ఉల్లిపాయ ఆకారంలో తడి. ఆ దృశ్యం ఆయన్ని వదల్లేదు. అయితే అప్పుడున్నవి ఇనుప గొట్టాలు. ప్లాస్టిక్ చవగ్గా దొరికేదాకా, అంటే రెండో ప్రపంచయుద్ధం అయిపోయేదాకా, ఆగాల్సి వచ్చింది.

అసలు చిక్కు బెజ్జం దగ్గర వచ్చింది. బొట్టు బొట్టుగా రావాలంటే బెజ్జం సూదిమొనంత ఉండాలి, అలా ఉంటే ఇసుక రేణువు ఒక్కటి అడ్డుపడినా మూసుకుపోతుంది. బ్లాస్ బెజ్జాన్ని చిన్నది చేయలేదు, దారిని పొడుగు చేశాడు. సన్నటి గొట్టాన్ని చుట్టలు చుట్టి, నీరు అంత దూరం రాసుకుంటూ వచ్చేసరికి దాని జోరు చచ్చేలా చేశాడు. దారి కాస్త వెడల్పుగానే ఉంటుంది, నీళ్ళు మాత్రం చుక్కలుగానే వస్తాయి. 1965లో నెగెవ్ ఎడారి అంచున హట్జెరిమ్ అనే సమష్టి సేద్యపు పల్లెతో, అంటే కిబ్బుట్జ్‌తో ఆయన ఒప్పందం చేసుకున్నాడు. ఈ గొట్టాలు చేసే నెటాఫిమ్ కంపెనీ అలా పుట్టింది.

ఇప్పుడు మన చేలల్లో పరిచే ఆ నల్ల గొట్టాన్ని, అంటే లేటరల్‌ను బ్లేడుతో నిలువునా చీల్చి చూడండి. లోపలి గోడకు వేలి కణుపంత ప్లాస్టిక్ బిళ్ళ అతుక్కుని ఉంటుంది. ఒక కొస జల్లెడలా సన్నటి చీలికలు. నడుమ రంపం పళ్ళలా అటూ ఇటూ ఎదురెదురుగా పళ్ళు. నీరు ఆ పళ్ళ మధ్య మలుపు మలుపుకీ సుడి తిరుగుతూ, చెత్తను కడుక్కుంటూ వెళ్ళి అవతలి కొసన బొట్టుగా రాలుతుంది. బ్లాస్ చుట్టిన పొడుగు దారిని ఆ కాస్త బిళ్ళలో మడిచి పెట్టారన్నమాట. గంటకు రెండు లీటర్లు, నాలుగు లీటర్లు అని లెక్క కట్టి అమ్ముతారు.

మన దేశంలో 1970ల్లో వ్యవసాయ విశ్వవిద్యాలయాల్లో ఈ బిందుసేద్యం (డ్రిప్పు) ప్రయోగాలు జరిగాయి. మన రైతు చేతికి విరివిగా వచ్చింది మాత్రం 2003 నవంబరులో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం మైక్రో ఇరిగేషన్ ప్రాజెక్టు మొదలుపెట్టి రాయితీ ఇచ్చాక. మిర్చి చేలో ఎత్తుమడి, దాని మీద లేటరల్, పైన మల్చింగు షీటు, బోరు దగ్గర ఫిల్టరు, ఎరువు కలిపే వెంచురీ, ఇవన్నీ కళ్ళకు అలవాటయ్యాయి. చేలో మిగిలిన చుట్ట ఇంటికి చేరడానికి ఎంతసేపు?

అంతకు చాలా ముందే, 1967 ఆగస్టులో నాగార్జునసాగర్ కాలువలకు నీళ్ళు వదిలాక ఈ ప్రాంతపు పంట మారింది. పెరటి పద్ధతి మాత్రం మారలేదు. మొక్కకు నీళ్ళు పోయాలంటే బిందె మోయాల్సిందే, ఆ మోత చాలావరకు ఆడవాళ్ళదే. ఇంటి ముందువైపు తోట ఎదగకపోవడానికి అదే పెద్ద కారణమని నేననుకుంటాను. వెనక బావి నుంచి ముందు గేటుదాకా ఎన్ని బిందెలని మోస్తారు? లేటరల్ వచ్చాక కుళాయి తిప్పితే చాలు. మొక్క ఎక్కడ బతుకుతుంది అన్న ప్రశ్న పోయి, మనకు నీడ ఎక్కడ కావాలి అన్న ప్రశ్న వచ్చింది. పడమటి ఎండ కొట్టే గోడకు ఎదురుగా పందిరి, తూర్పున పొద్దుటి కాఫీ తాగే చోటు అని ఇల్లు కట్టేటప్పుడే అనుకోవడం దీంతోనే సాధ్యమైంది.

చేలో పనిచేసిందల్లా ఇంట్లో అలాగే పనిచేయదు. పొలంలో డ్రిప్పర్లను, అంటే బొట్టు వదిలే ఆ బిళ్ళలను, పది మీటర్ల ఎత్తు నుంచి దిగే నీటికి ఉండేంత ఒత్తిడికి లెక్క కడతారు. ఒక అంతస్తు ఇంటి మీది ట్యాంకు నేలకు నాలుగు మీటర్ల పైన ఉంటే గొప్ప. అందుకని ఇంట్లో వరసలు పొట్టిగా ఉండాలి, లేదా సన్నటి మైక్రోట్యూబులు గుచ్చుకోవాలి. మిద్దెతోటలో మరీ కష్టం, ట్యాంకుకీ కుండీకీ మధ్య తేడా ఒక మీటరే. చిన్న మోటారు పెట్టక తప్పదు. అయినా కథకుడు తుమ్మేటి రఘోత్తమరెడ్డి హైదరాబాదు శివారు నారపల్లిలో తన ఇంటి మీద పెంచి, రాసి, అందరికీ చూపించిన మిద్దెతోట ఈ జిల్లాలవాళ్ళనూ కదిలించింది. గుంటూరు దగ్గర కొర్నెపాడులో రైతునేస్తం ఫౌండేషన్ సేంద్రియ సేద్యం నేర్పుతోంది. ఆసక్తికి కొదవ లేదు.

రేగడిలో ఒక సుగుణం కూడా ఉంది. ఇసుక నేలలో చుక్క నిటారుగా దిగిపోతుంది, రేగడిలో పక్కలకు పాకుతుంది. కాబట్టి డ్రిప్పర్లు దూరదూరంగా పెట్టినా చాలు, మొక్కల వరసను గోడకు నాలుగైదు అడుగులు ఎడంగా వేస్తే పునాదికి తడి చేరదు. ఆ ఎడంలో మాచర్ల నాపరాళ్ళు ఇసుక మీద పరుచుకుంటే నడవడానికి దారీ అవుతుంది, సందుల్లోంచి వాన ఇంకుతుంది కూడా.

ఇంకా తీరని చిక్కు నీటి గుణానిది. కనిగిరి వైపు బోర్లలో ఫ్లోరైడు, చాలా ఊళ్ళలో ఉప్పదనం. నీళ్ళలోని సున్నం డ్రిప్పరు నోటి దగ్గర తెల్లగా పెచ్చు కట్టి, కొన్నాళ్ళకు బొట్టు ఆగిపోతుంది. పొలంలో యాసిడ్ ఎక్కించి కడుగుతారు. పిల్లలు తిరిగే ఇంట్లో ఆ పని చేయలేం. మేడ మీది వాననీటిని ఒక తొట్టిలోకి పట్టి లేటరల్‌కు కలిపితే పెచ్చు కట్టదు, మొక్కా తేరుకుంటుంది. అయితే మన వానలు జూన్ నుంచి నవంబరు లోపలే, మొక్కకు దాహం మార్చి నుంచి. ఆ ఎడాన్ని దాటించేంత తొట్టి ఎక్కడ కట్టాలో ఇంటికి ముగ్గు పోసేనాడే మేస్త్రీతో మాట్లాడుకోవాలి.